కాముని బండ మీది తలుపులు

"ఇడువు బాపూ. ఇంక కొడితె సచ్చిపోతడు."

యశస్విని రెండు చేతులతో తండ్రి చెయ్యి పట్టుకుంది. రామచంద్రం ఒక్క విదిలింపు విదిలించాడు. ఆ విసురుకు ఆమె పోయి నీళ్ళ డ్రమ్ముకు కొట్టుకుంది. మోచెయ్యి చీరుకుపోయింది. అదేమీ పట్టనట్టు ఆయన షామియానా కర్ర మళ్ళీ ఎత్తాడు.

ఆమె అన్న తిరుపతి వాకిట్లో మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా చిరిగి వేలాడుతోంది. వీపంతా తట్లు లేచి, చర్మం పగిలిన చోట్ల నుంచి రక్తం నడుము దాకా కారింది. వాళ్ళ టెంట్ హౌస్ లో ఇనప పైపుల కట్టలను ఒంటి చేత్తో లారీ మీదికి ఎక్కించే మనిషి. తలుచుకుంటే ఆ కర్ర లాక్కుని రెండుగా విరిచి పారేయగలడు. కానీ చెయ్యి కూడా అడ్డం పెట్టుకోలేదు. దెబ్బ పడ్డప్పుడల్లా పళ్ళు కరుచుకుని ముందుకు ఒరుగుతున్నాడు, మళ్ళీ లేచి కూర్చుంటున్నాడు.

గేటు బయట ఊరు ఊరంతా నిలబడి చూస్తోంది. ఊరంటే ఎంతని. రాయదుర్గం అద్దాల మేడలు మింగగా మిగిలిన నాలుగు గల్లీల మల్కంగూడ. ఆ నాలుగు గల్లీలకు రామచంద్రం పెద్దమనిషి. పెళ్ళికైనా చావుకైనా షామియానా ఆయనదే, తగువు వస్తే తీర్పూ ఆయనదే. హోలీ పొద్దున రంగులు చల్లుకోవలసిన పిల్లలు సీసాలు చేతిలో పట్టుకుని నోళ్ళు తెరుచుకు నిలబడ్డారు.

"సదువుకునే పోరని కన్ను తీసినోడు నా ఇంట్ల పుట్టినా ఒకటే, పుట్టకపోయినా ఒకటే" అన్నాడు రామచంద్రం. కొడుకు వైపు చూసి కాదు, గేటు వైపు తిరిగి అన్నాడు.

చంద్రమ్మ అరుగు మీద కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొడుకు అన్నం తినకుండా లేచిపోతేనే ఇల్లు పీకి పందిరి వేసే తల్లి, ఇవాళ వాడి వీపు పగులుతుంటే కూర్చున్న చోటు నుంచి కదలలేదు. యశస్వినికి తండ్రి మీద కన్నా తల్లి మీద ఎక్కువ కోపం వచ్చింది. ఈ ఇంట్లో అందరికీ మతి పోయిందా అనుకుంది.

కర్ర నిలువునా చీలిపోయాక గాని రామచంద్రం ఆగలేదు.

*

రాత్రి జరిగిన దాన్ని ఎవరికి తోచినట్టు వాళ్ళు చెబుతున్నారు. జరిగింది మాత్రం ఇది.

యూనివర్సిటీ వసంతోత్సవానికి నిన్న ఆఖరి రోజు. వారం పాటు పాటల పోటీలు, పూల ప్రదర్శన, రక్తదాన శిబిరం అన్నీ చక్కగా నడిచాయి. ఆఖరి రోజే కాముని పున్నమి, హోలీకి ముందటి రాత్రి, పడింది. ఆ ప్రాంగణానికి గోడ కట్టకముందు, తాతల నాటి నుంచి, మల్కంగూడ వాళ్ళు కాముణ్ణి కాల్చింది అక్కడి బండ మీదే. గోడ లేచాక గేటు మూశారు. బండ మాదేనని రామచంద్రం తన పేరు మీద కోర్టుకెక్కాడు. ఆ కేసు ఇంకా నానుతూనే ఉంది.

ఈ ఏడు ఆ గేటు తెరిపించింది యశస్విని. అక్కడే ఆర్కిటెక్చర్ చదువుతోంది, ఉత్సవాల కమిటీలో ఉంది. గోడకు అటూ ఇటూ ఉన్నవాళ్ళు ఒక్క రోజైనా కలిసి పండగ చేసుకోవాలని మీటింగులో లేచి మాట్లాడి, కాదన్న వాళ్ళందరినీ ఒప్పించింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని చంద్రమ్మ అప్పుడే అంది. కూతురు నవ్వి ఊరుకుంది.

ఆమె క్లాసులో జశ్వంత్ అని ఒకడున్నాడు. మల్కంగూడలో పడగొట్టిన ఇళ్ళ పాత తలుపులు, దర్వాజలు, కుక్కి మంచాలు నెలల తరబడి ఏరి తెచ్చి, ఒకదాని మీద ఒకటి నిలబెట్టి 'ఊరి వాకిలి' అని ప్రదర్శన కట్టాడు. పెద్ద స్టేజీకి చోటు చాలక, ఆఖరి ఘడియలో దాన్ని తీసుకెళ్ళి బండ మీద పెట్టించారు. ఊరివాళ్ళకు ఆ సంగతి చెప్పాలని ఎవరికీ తోచలేదు.

ఊరివాళ్ళు డప్పులతో లోపలికి వచ్చేసరికి బండ మీద వాళ్ళ తలుపులే పేర్చి కనిపించాయి. కాముని పున్నమి నాడు కాముని బండ మీద పాత కట్టె ఉంటే అది కాముడిదే. అందులో అడగవలసింది ఏముంది? ఆ రోజు కాముడి కోసం పక్కింటి మంచం ఎత్తుకొచ్చినా దొంగతనం కాదు. కాముడి దగ్గరికి చేరిన కట్టెను తిరిగి ఇమ్మనడమే తప్పు. యూనివర్సిటీ వాళ్ళది ఎంత మంచి మనసు, మన తలుపులు మనకే తెచ్చి పెట్టిండ్రని ముసలమ్మలు కళ్ళు తుడుచుకున్నారు. ఇది మా జయమ్మ ఇంటిది, ఇది మా మేనమామ ఇంటిది అని తలుపులను గుర్తుపట్టి తడిమి చూసుకున్నారు. వాటి నడుమ కాముడి బొమ్మను కూర్చోబెట్టి, రామచంద్రం మొక్కి నిప్పు పెట్టాడు.

మంట చూసి జశ్వంత్ పిచ్చివాడిలా పరుగెత్తుకొచ్చాడు. కాలుతున్న తలుపును లాగబోతూ, అడ్డంగా ఉన్న కాముణ్ణి కాలితో తన్నాడు. ఆ తర్వాత పొగలో, అరుపుల్లో ఎవరు ఎవరో తెలియలేదు. మండే కట్టె ఒకటి జశ్వంత్ మొహాన పడింది. తిరుపతి అతన్ని భుజాన వేసుకుని బయటికి తెచ్చాడు. తెచ్చి, కొట్టింది నేనే అన్నాడు.

యశస్విని అప్పుడు ప్రాంగణం ఆ చివర స్టేజీ మీద మైకు పట్టుకుని బహుమతులు ప్రకటిస్తోంది. ఆమె వచ్చేసరికి తలుపులూ లేవు, కాముడూ లేడు.

*

లోపలి గదిలో తిరుపతి బోర్లా పడుకున్నాడు. చంద్రమ్మ వేడినీళ్ళలో గుడ్డ ముంచి వీపు తుడుస్తోంది.

యశస్విని ఫోను తీసి చూసింది. ప్రతి వారం ఆమె, భార్గవి కలిసి నడిపే యూనివర్సిటీ వార్తల పేజీ 'మన ప్రాంగణం' అప్పటికే వచ్చేసింది. పాటల పోటీ విజేతలు, వేసవి సెలవుల తేదీ, లైబ్రరీ కొత్త వేళలు అన్నీ కిందికి పోయాయి. పైన పెద్ద అక్షరాలతో 'వసంతోత్సవంలో గూండాల దాడి' అని ఉంది. కింద భార్గవి పేరు. పక్కన తిరుపతి ఫొటో. షామియానాలు కట్టే రోజున నవ్వుతూ నిచ్చెన మీద నిలబడ్డ అన్నను యశస్వినే తీసిన ఫొటో అది.

"అన్నా, నువ్వు కొట్టినవా?"

"కొట్టిన."

"ఎందుకు?"

"కాముణ్ణి తన్నిండు. కోపమొచ్చింది."

"నా మొఖం సూసి చెప్పు."

తిరుపతి గోడ వైపుకు తిరిగాడు. "చెప్పిన గద చెల్లె. ఎన్నిసార్లు చెప్పాలె."

యశస్విని నమ్మలేదు. ఆటోవాడు వెనక నుంచి గుద్దితే తానే దిగి క్షమించమని అడిగే మనిషి. దానికి తోడు కానిస్టేబులుగా సెలెక్టయ్యాడు, ఉగాది దాటగానే ట్రైనింగు. మూడు సార్లు పరీక్ష తప్పి, పొద్దున్నే ఔటర్ రింగు రోడ్డు పక్కన పరుగులు తీసి తీసి తెచ్చుకున్న ఉద్యోగం. ఒక్క కేసు పడితే అది గంగలో కలిసినట్టే. అలాంటివాడు కాముడి బొమ్మ కోసం పరాయి పిల్లవాడి కన్ను పోగొడతాడా?

అంతలో యూనివర్సిటీ రిజిస్ట్రారు పట్టాభిరామయ్య ఫోను చేశాడు. రామచంద్రం అందరికీ వినబడేలా పెట్టాడు. ఆయన చాలా మెత్తగా మాట్లాడాడు. అబ్బాయి తల్లిదండ్రులు బయల్దేరి వస్తున్నారని, విద్యార్థులు మరీ ఆవేశంగా ఉన్నారని, ఎస్సై గారు మధ్యాహ్నానికి వస్తారని చెప్పాడు.

"మీవాణ్ణి మీరే అప్పగిస్తే మర్యాదగా ఉంటుందండీ. తర్వాత సంగతి మేం చూసుకుంటాం."

"అప్పజెప్తం సార్" అన్నాడు రామచంద్రం. బేరం లేదు, బతిమాలడం లేదు. ఎవరికో కుర్చీలు పంపిస్తానన్నంత తేలిగ్గా అన్నాడు.

చంద్రమ్మ చేతిలో గుడ్డ ఆగిపోయింది. కాసేపు ఆగి మళ్ళీ తుడవడం మొదలుపెట్టింది.

ఇంట్లో ఎవరినీ అడిగి లాభం లేదని యశస్వినికి అర్థమైంది. అన్నను కాపాడగలిగింది ఇంకొక్కడే, దెబ్బ తిన్న జశ్వంత్. ఆమె స్కూటీ తాళం తీసుకుంది.

*

దవాఖాన వరండాలో భార్గవి కనిపించింది. రాత్రంతా నిద్ర లేక కళ్ళు వాచి ఉన్నాయి. యశస్విని దగ్గరికి వెళ్ళి నోరు తెరవబోయింది. మాట బయటికి రాకముందే చెంప పేలింది.

"ఏ మొహం పెట్టుకుని వచ్చావే? వాళ్ళను పిలవాలని పట్టుబట్టింది నువ్వు కాదూ? మా ఊరివాళ్ళు చాలా మంచివాళ్ళని చెప్పింది నువ్వు కాదూ?"

యశస్విని చెంప పట్టుకుని నిలబడింది. తిరిగి కొట్టాలనిపించింది. కానీ భార్గవి అన్నదాంట్లో ఒక్క మాటా అబద్ధం లేదు.

"మా అన్న కొట్టంగ నువ్వు సూసినవా?" అని అడిగింది.

"వాడే ఒప్పుకున్నాడు. ఇంకా చూడ్డమేంటి?"

నర్సు బయటికి వచ్చి ఇక్కడ యశస్విని ఎవరని అడిగింది. ఆపరేషనుకు తీసుకెళ్ళే ముందు ఆ అమ్మాయితో మాట్లాడాలని పేషెంటు గొడవ చేస్తున్నాడట. భార్గవి పళ్ళు కొరికింది గాని అడ్డం రాలేదు.

జశ్వంత్ మొహం సగం కట్లలో ఉంది. మిగిలిన సగం వాచిపోయింది. అరచేతులు రెండూ కాలి, మందు పూసి తెరిచి పెట్టి ఉన్నాయి. నెలల తరబడి తలుపులకు చెద గీకి నూనె పూసిన చేతులు అవి.

"మీ అన్నను పట్టుకుంటారని భార్గవి చెప్పింది" అన్నాడు జశ్వంత్. మాట మాటకూ ఆగుతున్నాడు. "ఆయన కాదు. ఆయన నన్ను వెనక నుంచి పట్టుకుని లాగుతున్నాడు. ఆయన రెండు చేతులూ నా మీదే ఉన్నాయి."

"మరి ఎవరు?"

"తలపాగా పెద్దాయన. నిప్పు పెట్టాడే, ఆయన. నేను బొమ్మను తన్నాను. తన్నకుండా ఉండాల్సింది. ఆయన మంటలోంచి కట్టె లాగి కొట్టాడు. ఒక్కటి కాదు. నేను పడిపోయాక కూడా కొట్టాడు. మీ అన్న ఆయన్ను తోసి నన్ను ఎత్తుకున్నాడు."

ఆ పెద్దాయన ఆమె తండ్రేనని అతనికి తెలియదు. యశస్విని మంచానికి దగ్గరగా వంగింది.

"పోలీసులకు చెప్పినవా?"

"ఇంకా ఎవరూ అడగలేదు. లేచాక చెబుతాను. కన్ను నిలుస్తుందో లేదో చెప్పలేమంటున్నారు యశూ." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "తలుపుల్లో ఒక్కటైనా మిగిలిందా?"

ఆమె లేదని తల ఊపింది. అంతలోనే ఆస్పత్రి వాళ్ళు మంచాన్ని తోసుకుంటూ లోపలికి తీసుకుపోయారు. ఇక సాయంత్రం దాకా అతను నోరు విప్పడు.

బయట భార్గవి దారి కాసి నిలబడి, వాడేం చెప్పాడని అడిగింది. చెబితే గంట తిరిగేలోగా పేజీ మీదికి ఎక్కుతుంది. అన్న బయటపడతాడు, బాపు లోపలికి పోతాడు. చెప్పకపోతే అన్న పోతాడు. మింగలేక కక్కలేక యశస్విని తల వంచుకుని మెట్లు దిగింది. మీ ఇంటి మీదికి మనవాళ్ళు బయల్దేరారు, వెళ్ళి చూసుకో అని వెనక నుంచి భార్గవి అంది.

*

గల్లీ మొదట్లోనే గాజు పగులుతున్న చప్పుడు వినిపించింది.

ఇంటిని ఆనుకుని ఉన్న టెంట్ హౌస్ ముందు ముప్పై నలభై మంది ఉన్నారు. మొహాలు ఎరుపూ ఆకుపచ్చా వెండిరంగూ. హోలీ పుణ్యమా అని ఎవడు ఏ క్లాసువాడో కన్నతల్లి కూడా గుర్తుపట్టలేదు. నిన్నటిదాకా తనతో కలిసి స్టేజీ కట్టినవాళ్ళు అందులో ఎందరున్నారో యశస్వినికి తెలియలేదు. ప్లాస్టిక్ కుర్చీలు గోడకేసి కొట్టి విరగ్గొడుతున్నారు. పెళ్ళిళ్ళ షామియానాలు బయటికి లాగి చింపుతున్నారు. పనివాడు కుమార్ నుదురు పగిలి ట్రాలీ కింద దూరాడు. పక్కింటివాళ్ళు తలుపులు బిడాయించుకున్నారు.

వాకిట్లో తిరుపతి కింద పడి ఉన్నాడు. నలుగురు చుట్టూ చేరి టెంటు పైపులతో, కాళ్ళతో కుమ్ముతున్నారు. పొద్దున పగిలిన వీపు మీదే మళ్ళీ పడుతున్నాయి దెబ్బలు. గోరుచుట్టు మీద రోకటి పోటు అంటారు గాని, ఇది అంతకన్నా ఘోరం. వాడు తల మీద చేతులు పెట్టుకుని ముడుచుకుపోయాడు. ఇప్పుడూ ఎదురు తిరగలేదు.

"ఆపుండ్రి" అని యశస్విని వాళ్ళ మీదికి ఉరికింది. ఎవడో జుట్టు పట్టి వెనక్కి గుంజాడు. మోకాలు సిమెంటు మీద చెక్కుకుపోయింది. "ఇదే, దీన్ని కూడా" అని ఒక గొంతు అంది. తనకు తెలిసిన గొంతే అనిపించింది. కడుపులో ఒక తన్ను పడింది. ఊపిరి ఆడలేదు. అయినా ఆమె పాకుతూ పోయి అన్న మీద పడుకుంది. రెండు పైపు దెబ్బలు ఆమె భుజం మీద పడ్డాయి.

రామచంద్రం ఇంట్లోంచి గడ్డపార పట్టుకుని వచ్చాడు. పెద్దమనిషి మొహం కాదు అది. ఒకణ్ణి మెడ పట్టి గోడకు నొక్కి, గడ్డపార ఎత్తాడు. రాత్రి బండ మీద ఈ చెయ్యి ఎలా లేచి ఉంటుందో యశస్వినికి ఇప్పుడు కళ్ళకు కట్టింది.

"బాపూ, వద్దు" అని కింద పడి ఉన్న తిరుపతే అరిచాడు. దెబ్బలు తింటున్నంత సేపూ నోరు తెరవనివాడు ఇప్పుడు గొంతు చించుకున్నాడు. "నీ కాళ్ళు మొక్కుత. ఇంకొకణ్ణి కొట్టకు."

గడ్డపార గాలిలోనే ఆగింది. గల్లీ మొదట్లో పోలీసు జీపు చప్పుడైంది. రంగు మొహాలు ఎటువాళ్ళు అటు గోడలు దూకి మాయమయ్యాయి.

*

జీపు విరిగిన కుర్చీల మధ్య దారి చేసుకుని వచ్చేలోగా వాకిట్లో నలుగురే మిగిలారు.

"జశ్వంత్ నాకు అంత చెప్పిండు బాపూ" అంది యశస్విని.

రామచంద్రం గడ్డపార గోడకు ఆనించాడు. చంద్రమ్మ కొడుకు తలను ఒళ్ళో పెట్టుకుని కొంగుతో రక్తం ఒత్తుతోంది. కూతురి వైపు చూడలేదు.

"అమ్మా, నీకు ఎరుకేనా?"

"తెల్లారంగ ఎరుకైంది" అంది చంద్రమ్మ. "చెప్పొద్దని వీడు నా కాళ్ళ మీద పడ్డడు. ఇద్దర్ల ఎవరిని ఇయ్యమంటవే? చెప్పు, నువ్వే చెప్పు."

యశస్విని తండ్రికి ఎదురుగా నిలబడింది. "పొద్దున మరి వాణ్ణి ఎందుకు కొట్టినవు? చెయ్యని తప్పుకు వీపు పగలగొట్టినవు గద."

"ఊరు సూడాలె గద" అన్నాడు రామచంద్రం.

ఆ మాట ఆయన సిగ్గుపడుతూ అనలేదు, పొగరుతోనూ అనలేదు. తప్పనిసరి పని చేసినవాడిలా అన్నాడు. బండ కేసు తన పేరు మీద ఉందని, తాను జైలుకు పోతే కేసు అక్కడితో సరి అని, ఆ గేటు మళ్ళీ తెరవరని చెప్పాడు. కొడుకే ముందుకొచ్చి తన మీద వేసుకున్నాడని, తాను అడగలేదని కూడా అన్నాడు.

"అడగలే. వద్దని కూడ అనలే" అంది యశస్విని.

తిరుపతి తల్లి ఒళ్ళోంచి లేచి కూర్చున్నాడు. ఉమ్మితే రక్తం పడింది.

"నువ్వు జర నోరు మూసుకోవే చెల్లె. నా నౌకరి పోతె పోయింది. ఇంకో పని చేసుకుంట. బాపు పోతె ఊరికి దిక్కెవరు?"

"కన్ను పోయినోనికి దిక్కెవరన్నా?"

తిరుపతి మొహం పక్కకు తిప్పుకున్నాడు. అప్పటికి ఎస్సై రవీందర్ గేటు దాటి లోపలికి వచ్చాడు.

*

ఎస్సై చుట్టూ చూశాడు. ఇల్లు పగలగొట్టింది ఎవరని అడిగాడు. మొహాలు తెలియలేదని రామచంద్రం చెప్పాడు. సరే, అది వేరే కేసు, తర్వాత చూద్దామని అతను తిరుపతి వైపు తిరిగాడు. ఇద్దరు కానిస్టేబుళ్ళు తిరుపతి రెక్కలు పట్టి లేపారు. పక్కింటి తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. ఊరు మళ్ళీ గేటు దగ్గర చేరింది.

"నువ్వే కొట్టినవా?"

"నేనే సార్."

"సెలెక్షన్ల ఉన్నవట. అంత ఖరాబు చేసుకున్నవు గదరా" అన్నాడు ఎస్సై. నిజంగానే బాధపడినట్టు కనిపించాడు. తర్వాత యశస్విని వైపు చూశాడు. "ఏమమ్మా, పండుగ కమిటీల నువ్వున్నవట. నీకు ఏమన్న తెలుసా?"

చంద్రమ్మ కళ్ళు మూసుకుంది. రామచంద్రం తలపాగా సర్దుకుని కూతురి మొహంలోకి చూశాడు. ఆ చూపులో బెదిరింపు లేదు. బతిమాలడం ఉంది. తండ్రి తనను అలా చూడటం ఆమె ఇంతకు ముందు ఎరగదు. ఈ చేతుల్లోనే కదా పెరిగింది తను.

"మా అన్న కొట్టలే సార్" అంది యశస్విని. "కొట్టింది మా బాపు. జశ్వంతే చెప్పిండు."

ఎస్సై నోరు తెరిచి, రామచంద్రం వైపు ఒక అడుగు వేశాడు.

అప్పుడు తిరుపతి కానిస్టేబుళ్ళను విదిలించుకున్నాడు. రెండు అంగల్లో వచ్చి, తన బలమంతా పెట్టి, చెల్లెలి మొహం మీద కొట్టాడు.

యశస్విని వెనక్కి పోయి విరిగిన కుర్చీల మీద పడింది. పెదవి చిట్లి నోరంతా ఉప్పగా అయింది. చెవిలో హోరు తప్ప ఏమీ వినబడలేదు. ఆమె తల ఎత్తేలోగా వాడు వంగి జుట్టు పట్టుకుని మళ్ళీ కొట్టాడు. "నన్ను తప్పించనీకి కన్నతండ్రి మీద పెడ్తవా? ఇంటి మీద పగ పట్టినవా?" అని ఊరందరికీ వినబడేలా అరిచాడు. లాఠీలు వాడి మోకాళ్ళ మీద, భుజాల మీద పడ్డాయి. పడిపోయేదాకా కొట్టి, చేతులు వెనక్కి విరిచి బేడీలు వేశారు.

ఎస్సై చెమట తుడుచుకున్నాడు. "సొంత చెల్లె మీదనే గిట్ల చెయ్యి లేస్తున్నది. పరాయి పోరడు ఒక లెక్కనా వీనికి? పొగల ఆ పోరనికి ఎవరు కనబడ్డరని" అన్నాడు. గేటు దగ్గర తలలు ఊగాయి. అన్న మీది ప్రేమతో పిల్ల ఏదో అన్నది పాపం అని ఎవరో అన్నారు. ఎస్సై రామచంద్రం దగ్గరికి పోవడం మానుకుని, అమ్మాయికి మందు వేయించండని చెప్పి జీపు వైపు నడిచాడు.

తనను ఈడ్చుకుపోతుంటే తిరుపతి ఒక్కసారి వెనక్కి తిరిగాడు. మొహం నిండా రక్తమూ మట్టీ. కళ్ళలో మాత్రం కోపం లేదు. పుట్టి బుద్ధెరిగాక వాడు మనిషి మీద చెయ్యి చేసుకోవడం అదే మొదలు. తన మాట ఎవరూ నమ్మకూడదనే వాడు తనను కొట్టాడని యశస్వినికి తెలిసిపోయింది. దెబ్బ కన్నా అది ఎక్కువ నొప్పి పెట్టింది.

జీపు గల్లీ తిరిగిపోయింది. జనం చింపిన షామియానాల మీద నుంచే ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు. చంద్రమ్మ అరుగు మీద తల పెట్టుకుని, చప్పుడు లేకుండా ఏడుస్తోంది.

యశస్విని కుర్చీల ముక్కల్లోంచి ఫోను వెతికి తీసుకుంది. అద్దం పగిలినా పనిచేస్తోంది. రక్తంతో వేలు దాని మీద జారుతుంటే చున్నీకి తుడుచుకుని, భార్గవి పేరు మీద నొక్కింది.

రామచంద్రం అది చూశాడు. గడ్డపార ఆయన చేతికి అందేంత దూరంలోనే ఉంది. దాని వైపు చూశాడు, కూతురి వైపు చూశాడు. తర్వాత వచ్చి, ఆమెకు ఎదురుగా, నేల మీద చతికిలబడ్డాడు. తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"చెప్పు బిడ్డా" అన్నాడు. "నేను వింటనే ఉంట. నా ముంగటనే చెప్పు."

యశస్విని నోట్లో రక్తం ఊరింది. ఉమ్మేసి ఫోను చెవికి ఆనించుకుంది. అవతల భార్గవి హలో, హలో అంటూనే ఉంది.